ఒకే రోజు నాలుగు శిఖరాలు: స్నేహితుడి వేగం నాకు లేదు, ఏం చేయను?

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ వచ్చే నెల ఒకే రోజులో నాలుగు శిఖరాలు ఎక్కాలనుకుంటున్నాం. అన్నీ ఒకే వరసలో ఉన్నవే, 4,000 మీటర్లు దాటినవే. తను నాకంటే చాలా వేగంగా నడుస్తాడు. నా వల్ల తన రోజు పాడవుతుందేమోనని ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. తనను ముందు వెళ్లిపొమ్మని, ప్రతి శిఖరం మీదా కలుసుకుందామని చెప్పనా?

జవాబు: వద్దండి. మిగతా సలహాలన్నీ మీ ఇష్టం, ఈ ఒక్కటి మాత్రం తప్పకుండా వినండి. విడిపోయి నడిస్తే మీరిద్దరూ చెరో ఒంటరి అయిపోతారు. మ్యాప్ ఒకరి దగ్గర, మందుల సంచి ఇంకొకరి దగ్గర ఉండిపోతాయి. మబ్బు కమ్మితే యాభై అడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా కనిపించడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ముందు చేరినవాడు చెమట పట్టిన ఒంటితో శిఖరం మీద గాలికి కూర్చుని వణుకుతాడు. మీరు ఆయాసపడుతూ చేరేసరికి చలికి తట్టుకోలేక లేచి నిలబడి, పద అంటాడు. అంటే వేగంగా నడిచేవాడికి ప్రతిచోటా విశ్రాంతి దొరుకుతుంది, నెమ్మదిగా నడిచేవాడికి ఎక్కడా దొరకదు. మూడో శిఖరం దగ్గర మీరు కూలబడితే అది మీ చేతకానితనం అనుకుంటారు. నడిచిన పద్ధతే అలా ఉంది మరి!

కాబట్టి ముందు మీరు నడవండి, తను వెనక రావాలి. ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదే. మాట మధ్యలో తెగుతుంటే తగ్గించండి. 4,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 60 శాతమే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ అందే ఆక్సిజనూ ఆ మేరకు తగ్గుతుంది. కింద చురుగ్గా పరిగెత్తేవాళ్లు పైన కూడా బాగుంటారన్న హామీ లేదు. ఎత్తైన చోట్ల ఆక్సిజన్ చాలక తలనొప్పి, వాంతుల్లాంటివి వచ్చే ఎత్తు జబ్బును కండబలం ఆపదు. ఆ రోజు ముందుగా ఇబ్బంది పడేది మీ స్నేహితుడే కావచ్చు కూడా.

ఇక లెక్క. శిఖరాల ఎత్తులు చూసి, ఒకదాని నుంచి ఇంకోదానికి కాస్తే కదా తేడా అనుకోకండి. అమెరికాలోని కొలరాడోలో డెమొక్రాట్, కామెరాన్, లింకన్, బ్రాస్ అనే నాలుగు శిఖరాలను కలిపే పేరున్న దారి ఒకటి ఉంది. నాలుగూ 4,300 మీటర్లు దాటినవే. నడక మొదలయ్యే సరస్సు సుమారు 3,660 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి అన్నిటికంటే ఎత్తైన లింకన్‌కు తేడా 700 మీటర్ల లోపే. కానీ మధ్య పల్లాల్లోకి దిగి మళ్లీ ఎక్కడం వల్ల మొత్తం ఎక్కుడు 1,100 మీటర్లు దాటిపోతుంది. (ఇందులో బ్రాస్ కొస భాగం ప్రైవేటు భూమి, అక్కడికి అనుమతి లేక దారి పక్కగా పోతుంది. మీరు వెళ్లే చోట కూడా ఇలాంటివి ముందే కనుక్కోండి.)

స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట వేసుకోవాలి. పైన చెప్పిన దారి దాదాపు 12 కిలోమీటర్లు కాబట్టి నాలుగుంపావు గంటలు వస్తుంది. అంత ఎత్తులో నేనైతే దానికి సగం కలుపుతాను. ఆగే సమయం వేరు. ఆఖరి శిఖరం మధ్యాహ్నం లోపే దిగాలంటే టార్చి వెలుగులో బయలుదేరాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యమైనది, ముందుకా వెనక్కా అన్నది శిఖరం మీద తేల్చుకోకండి. అక్కడ గెలిచిన ఊపులో ఉంటాం, తర్వాతి శిఖరం చెయ్యి చాస్తే అందేలా కనిపిస్తుంది. రెండు శిఖరాల మధ్య పల్లంలో, ట్రెక్కింగ్ వాళ్లు శాడిల్ అనే చోట, తేల్చుకోండి. లోయలోకి దారి ఉంటే సాధారణంగా అక్కడి నుంచే ఉంటుంది. నేనూ నా స్నేహితురాలూ ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి ఇది: ప్రతి శాడిల్‌లో బ్యాగులు దించి కూర్చుంటాం, నీళ్లు తాగుతాం, ఇద్దరం విడివిడిగా "వెళ్దాం" అనాలి. ఒకరు అనకపోతే దిగడమే. ఎందుకని అడగం, బతిమాలం. ఒకసారి మూడో శిఖరం మీది రాళ్లు కూడా లెక్కపెట్టగలిగేంత దగ్గర్లో ఉండగా తను ఆ మాట అనలేదు. దిగిపోయాం. సాయంత్రం దాకా ఒక్క మబ్బు రాలేదు, ఎండ కాస్తూనే ఉంది. అయినా ఆ రోజు దిగడం సరైనదేనని నా నమ్మకం. ఏ నిర్ణయాన్నయినా అది తీసుకున్నప్పుడు తెలిసినదాన్ని బట్టే చూడాలి.

ఇవన్నీ మీ స్నేహితుడితో ముందు రోజే మాట్లాడండి. నిజమైన స్నేహితుడైతే, మీరు ఇంత శ్రద్ధగా ఆలోచించారని సంతోషిస్తాడు.

ప్రశ్న: రెండో శిఖరం దిగాక నా స్నేహితురాలికి తలనొప్పి మొదలైంది. మాత్ర వేసుకుని నడిచేసింది. మూడోది ఎక్కేసరికి వాంతులు. "ఎలాగూ దిగుతూ ఎక్కుతూ ఉన్నాం కదా, ఏం కాదు" అంది. మేం చేసింది సరైనదేనా?

జవాబు: ఆమె క్షేమంగా ఉందని అనుకుంటున్నాను. కానీ అలా మళ్లీ చేయకండి. ఎత్తులో తలనొప్పి వస్తే, వేరే కారణం స్పష్టంగా తెలిసేదాకా అది ఎత్తు జబ్బే అనుకోవాలి. మాత్ర నొప్పిని తగ్గిస్తుంది, అంతమాత్రాన పైకి వెళ్లడానికి అనుమతి దొరికినట్టు కాదు. తగ్గేదాకా ఎక్కకూడదు, తగ్గకపోతే దిగాలి.

శిఖరాల వరసలో మోసపోయేది ఇక్కడే. శాడిల్‌లోకి వంద, నూటయాభై మీటర్లు దిగి, దిగాం కదా అనుకుంటాం. దిగడమంటే లోయ వైపు, వందల మీటర్లు దిగడం. కొన్ని శాడిల్‌ల నుంచి కిందికి దారే ఉండదు, ఇంటికి పోవాలన్నా ఇంకో శిఖరం ఎక్కాలి. అవి ఏవో బయలుదేరేముందే మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి. వాటిలోకి అడుగుపెట్టేముందే ఇద్దరి ఒళ్లూ బాగున్నాయో లేదో చూసుకోవాలి.

నడకలో తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకుండా దింపండి, సాయానికి కబురు చేయండి. మడమకు వేలు తగిలేలా గీత మీద నడిచినట్టు నడవమనండి, తూలితే తెలిసిపోతుంది. ఆ స్థితిలో "నాకేం లేదు" అన్న ఆమె మాట పట్టించుకోవద్దు, ఒంటరిగా పంపొద్దు. వచ్చేసారి నడకకు ముందు ఒకటి రెండు రాత్రులు మధ్య ఎత్తులో పడుకోండి.

ప్రశ్న: దూరంగా ఉరుములు వినిపిస్తే ఎంతవరకు ఆగొచ్చు?

జవాబు: ఆగొద్దు. శబ్దం కిలోమీటరుకు సుమారు మూడు సెకన్లు తీసుకుంటుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లంటే పిడుగు పది కిలోమీటర్లలోనే ఉందన్నమాట, అది చాలా దగ్గర. అసలు ఉరుము వినిపించిందంటేనే శిఖరాలను కలిపే వెన్నుగట్టు వదిలి కిందికి దిగడం మొదలుపెట్టండి. ఒంటరి చెట్టు కిందా, రాతి చూరు కిందా దూరకండి. ఇద్దరూ ఒకరికొకరు దూరంగా ఉండండి, ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరు సాయం చేయడానికి మిగలాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా తిరిగి పైకి వెళ్లొద్దు.

ప్రశ్న: ఎక్కేటప్పుడు బాగానే ఉంటాను. మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేను. ఎందుకు?

జవాబు: దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది. కండరాన్ని ఎక్కువగా నొప్పించేది ఆ పనే, ఆ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. నడకకు కొన్ని వారాల ముందు నుంచి మెట్లు ఎక్కడంతో పాటు నెమ్మదిగా దిగడం కూడా సాధన చేయండి. రెండు చేతికర్రలు వాడండి, దిగుడులో వాటిని కాస్త పొడవు పెంచుకోండి. చిన్న చిన్న అడుగులు వేయండి.