తాత జీపుకు బొలేరో ఇంజిన్, వేరే ఛాసిస్: పాత ఆర్సీ పనికొస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా తాత 1971లో కొత్తగా కొన్న మహీంద్రా సీజే-3బీ జీపు మా ఇంట్లో ఉంది. ఆర్సీ ఆయన పేరు మీదే ఉంది, పాత మూడక్షరాల నంబరు. తాత 2016లో కాలం చేశారు. ఆర్సీ గడువు 2021లో అయిపోయింది. నిరుడు హైదరాబాద్‌లో ఒక షెడ్డుకు ఇచ్చి బండి మొత్తం విప్పి కట్టించాం. పెట్రోల్ ఇంజిన్ తీసి బొలేరో డీజిల్ ఇంజిన్, అయిదు గేర్ల బాక్సు పెట్టారు. కొత్త రేకు బాడీ, ఇనుప టాపు వేశారు. ఛాసిస్ (బండి అడుగు చట్రం) తుప్పు తినేసిందని వేరే జీపుది తెచ్చి వేశారు. దాని మీద మన పాత నంబరు కొట్టిస్తామంటున్నారు. బండిని నా పేరు మీదికి మార్చుకోవచ్చా? వింటేజ్ నంబరు తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ నంబరు కొట్టే పని ఆపించండి. మీరు చేసిన మిగతా మార్పులు జరిమానాతోనో, పాత భాగాలు తిరిగి బిగించడంతోనో సర్దుకునేవి. ఇది మాత్రం క్రిమినల్ కేసు. ఛాసిస్ మీద వేరే నంబరు కొట్టి పాత ఆర్సీతో నడిపితే మోసం, ఫోర్జరీ సెక్షన్లు వస్తాయి. ఆ ఛాసిస్ దొంగబండిదని తేలితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద దొంగసొత్తు కేసు కూడా మీ మెడకు చుట్టుకుంటుంది. షెడ్డువాడు చేశాడంటే సరిపోదు, బండి మీ దగ్గర దొరుకుతుంది. మోటారు వాహనాల చట్టం 55(5) సెక్షన్ ప్రకారం బండి మీది ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీలోని వాటితో కలవకపోతే మీ వాదన విని రిజిస్ట్రేషనే రద్దు చేయొచ్చు.

ఎవరు చూస్తారులే అనుకోకండి. రెన్యువల్‌కు బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సిందే. ఛాసిస్ పొడుగు కమ్మీ మీద రంగు గీకి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. కంపెనీ కొట్టిన అంకెలకు ఒకే లోతు, ఒకే ఎడం ఉంటాయి. చేత్తో సుత్తె పెట్టి కొట్టినవి ఒకటి పైకి, ఒకటి కిందికి పోతాయి. పాత నంబరును గ్రైండర్‌తో అరగదీసిన చోట రేకు పలచబడి, తడిమితే చేతికే తెలుస్తుంది. పుట్టీ పెట్టి దాస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. కొందరు తెలివిగా పాత ఛాసిస్ నుంచి నంబరున్న ముక్క కోసి కొత్తదానికి వెల్డింగ్ చేస్తారు. చట్టం దృష్టిలో అదీ ఇదీ ఒకటే.

మీ కేసులో అసలు ప్రశ్న ఛాసిస్సే. బాడీ మారినా, ఇంజిన్ మారినా బండి అదేనని వాదించే వీలుంది. ఛాసిస్ మారితే ఆ వాదన నిలబడదు. కాబట్టి తాత పాత ఛాసిస్ ఇంకా షెడ్డులో ఉందా, తుక్కుకు పోయిందా అన్నది ముందు తేల్చుకోండి.

ఉంటే మీ పని చాలావరకు గట్టెక్కినట్టే. పాత జీపుల్లో తుప్పు ఎక్కువగా వెనక అడ్డబద్ద దగ్గర, కమాన్ కట్టలు బిగించే హ్యాంగర్ల దగ్గర పడుతుంది, బురద నిలిచేది అక్కడే కాబట్టి. అంతమేరకు కోసి, అదే కొలతలతో ప్లేటు వేసి వెల్డింగ్ చేయిస్తే అది రిపేరు. బండి స్వరూపం మారదు గనుక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పే ‘మార్పు’ కిందికి రాదు. చక్రాల మధ్య దూరం మాత్రం మారకూడదు. సీజే-3బీకి అది 80 అంగుళాలు, అంటే దాదాపు 2,032 మిల్లీమీటర్లు. నంబరున్న చోట గ్రైండరు గానీ, సాండ్ బ్లాస్టింగ్ గానీ తగలనివ్వకండి. టేపు చుట్టి కాపాడమని ముందే చెప్పి, పనికి ముందు, తర్వాత ఫొటోలు తీసుకోండి. అంకెలు తుప్పుకు చెరిగిపోయి ఉంటే మీరే దిద్దించొద్దు. సంగతి రవాణా అధికారికి రాసిచ్చి, ఆయన చెప్పిన పద్ధతిలోనే చేయించాలి.

పాత ఛాసిస్ దొరక్కపోతే, ఇప్పుడున్న ఛాసిస్ ఏ బండిదో కూపీ లాగాలి. దాని నంబరును జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి ‘వాహన్ సమన్వయ్’ పోర్టల్‌లో కొట్టి చూస్తే దొంగతనం ఫిర్యాదు ఉందో లేదో తెలుస్తుంది. అమ్మినవాడి దగ్గర ఆ బండి ఆర్సీ ఉండి, అది ఇంకా రద్దు కాకపోతే సూటి దారి ఒకటుంది: ఆ బండినే మీ పేరుకు బదిలీ చేయించుకుని, తాత ఆర్సీని 55వ సెక్షన్ కింద సరెండర్ చేయడం. తాత నంబరు పోతుంది, బాధే. కానీ రోడ్డు మీదికి వచ్చేది చట్టప్రకారం ఆ రెండో జీపే. అప్పుడు ఇంజిన్, బాడీ ఆ బండి ఆర్సీతో సరిపోవాలన్న సంగతి మరవకండి. మిలిటరీ వేలంలో కొన్న జీపు ఛాసిస్ అయితే వేలం, విడుదల కాగితాలు అసలువే అడగండి. జిరాక్సులతో పని కాదు. స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చేసి ఆర్సీ రద్దయిన బండిదైతే ఆ ఛాసిస్ మళ్లీ రోడ్డెక్కదు, ఎంత బాగున్నా సరే.

‘ఇన్ని భాగాలు కలిపి కట్టాం కదా, కొత్త బండిగా రిజిస్టర్ చేయించుకుంటాం’ అని కొందరు అడుగుతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం కొత్త నమూనాకు పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థల పరీక్ష, ఆమోదం ఉండాలి. అది కంపెనీలకు పెట్టిన దారి. ఒక్క జీపు కోసం ఎవరూ ఆ ఖర్చు పెట్టుకోలేరు.

ఇక ఇంజిన్. బీరువాలోని పాత ఆర్సీ పుస్తకం తీసి ఒకసారి ప్రతి పేజీ తిరగేయండి. 2000 ఆగస్టులో 52వ సెక్షన్ మారకముందు రిజిస్టరింగ్ అధికారి అనుమతితో ఇంజిన్ మార్చుకునే వెసులుబాటు ఎక్కువగా ఉండేది. పెట్రోల్ ధర భరించలేక చాలామంది జీపులకు డీజిల్ ఇంజిన్లు పెట్టించి ఆర్సీలో ఎక్కించుకున్నారు. మీ తాత కూడా ఏదో ఒక కాలంలో అలా చేయించి, ముద్ర, సంతకంతో ఎంట్రీ ఉంటే మీ పరిస్థితి వేరు. లేకపోతే మీ ఆర్సీలో ఇంధనం పెట్రోలే.

2000 తర్వాతి చట్టం ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీ వివరాలు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. కేరళ రవాణా అధికారికీ, కె. జయచంద్రకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే ఖరారు చేసింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి మార్పిడికి మినహాయింపు ఉంది గానీ, అది ఆమోదం పొందిన కిట్‌తో, నిబంధనల్లో చెప్పిన షరతులతో. బొలేరో ఇంజిన్ దించి సీజే-3బీలో ఎక్కించడం కిట్ కాదు. ఇన్‌స్పెక్టర్లు మొండిగా ఉంటారని తిట్టుకోవద్దు. ఆ జీపుకు కంపెనీ ఇచ్చింది 2,199 సీసీ పెట్రోల్ ఇంజిన్, మూడు గేర్ల బాక్సు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. దానికన్నా బరువైన 2,523 సీసీ డీజిల్ ఇంజిన్, అయిదో గేరు పెట్టి బ్రేకులు పాతవే ఉంచితే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

అనుమతి లేని మార్పుకు 182ఎ(4) సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. ఇంజిన్, గేర్‌బాక్సు, టాపు విడివిడిగా లెక్కకొస్తాయి.

కాబట్టి నా సలహా: అదే రకం పాత పెట్రోల్ ఇంజిన్ తిరిగి పెట్టించండి. తాత ఇంజిన్ ఉంటే అంతకన్నా కావాల్సింది లేదు, నంబరు కూడా కలుస్తుంది. వేరేది కొనాల్సి వస్తే అదే కంపెనీ, అదే రకమై ఉండాలి. ఇంజిన్ నంబరు రాసిన బిల్లు, అది ఏ బండి నుంచి తీశారో ఆ ఆర్సీ కాపీ, అమ్మినవారి నోటరీ అఫిడవిట్ తీసుకోండి. ఈ మూడూ లేకుండా డబ్బు ఇవ్వొద్దు. బిగించకముందే రవాణా కార్యాలయంలో అనుమతికి దరఖాస్తు పెట్టడం మేలు. అనుమతి లేకుండా మార్చితే 14 రోజుల్లో ఆర్సీతో సహా తెలియజేయాలని 52(3) సెక్షన్ చెబుతుంది. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇప్పుడు రాసిచ్చేటప్పుడు ఆలస్యానికి కారణం ఒక పేరాలో నిజాయితీగా రాయండి.

బాడీ గురించి పెద్దగా కంగారు అవసరం లేదు. తుప్పు పట్టిన రేకు తీసి అదే ఆకారంలో కొత్తది వేస్తే రిపేరే. రంగు మారితే ఆర్సీలో రాయించుకోండి. ఇనుప టాపు మాత్రం తీసేసి గుడ్డ టాపు వేయించండి. బాడీ రకం ఆర్సీలో ఉంటుంది, అక్కడ వాదించి లాభం లేదు.

వింటేజ్ నంబరు ఆశ ఇప్పుడున్న రూపంలో వదులుకోండి. 2021 జులైలో వచ్చిన 81ఎ నుంచి మొదలయ్యే నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లు, జీపులే అర్హం. మీది వయసుకు సరిపోతుంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పు జరిగి ఉండకూడదు. అసలు రూపానికి తెచ్చాక దరఖాస్తు చేస్తే రాష్ట్ర కమిటీ చూసి తేలుస్తుంది. ఫారం 20తో పాటు బీమా, పాత ఆర్సీ జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000, తిరిగి రిజిస్ట్రేషన్‌కు 5,000. గడువు పదేళ్లు. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుతారు, కొత్తగా ఇస్తే నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. ఇందులో మెలిక ఏమిటంటే వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, వాటికి పోయి రావడానికి, డీజిలో పెట్రోలో పోయించుకోవడానికి, రిపేరుకు తప్ప రోజువారీగా నడపకూడదు. పొలానికి పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా మామూలు రెన్యువలే మీకు తగినది.

ఆ మామూలు దారిలో ముందు బదిలీ, తర్వాత రెన్యువల్. చనిపోయిన యజమాని బండి వారసుడి పేరు మీదికి రావడానికి ఫారం 31. మూడు నెలల్లో పెట్టాల్సింది, ఆలస్యానికి జరిమానా కట్టాలి. తాత మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవ ద్వారా తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం, మిగతా వారసులందరి నుంచి నోటరీ చేసిన ‘అభ్యంతరం లేదు’ అఫిడవిట్లు కావాలి. ఎక్కువ బదిలీలు ఆగేది ఇక్కడే: మేనత్తల సంతకాలు మరిచిపోతారు. తాతకు కూతుళ్లుంటే వారూ వారసులే. తాత కన్నా ముందు మీ నాన్న పోయి ఉంటే ఆయన వాటాకు మీ తోబుట్టువులు, అమ్మ సంతకాలు పెట్టాలి.

రెన్యువల్‌కు ఫారం 25. 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన కారు, జీపు తరగతికి రుసుము 10,000 రూపాయలు. గడువు దాటాక నెలకు 500 చొప్పున అదనపు రుసుము నిబంధనల్లో ఉంది. నాలుగేళ్ల ఆలస్యమంటే 24,000 అన్నమాట. హరిత పన్ను వేరు. ఇన్‌స్పెక్షన్‌కు స్లాట్ తీసుకోకముందే బీమా చేయించండి. గడువు తీరిన ఆర్సీతో రోడ్డెక్కితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 వరకు జరిమానా ఉంటుంది గనుక బండిని ఆఫీసుకు ట్రక్కు మీద తీసుకుపోవడమే క్షేమం.

తాత బండి మొదట ఎక్కడ రిజిస్టరైందో కూడా చూడండి. మీ ప్రాంతంవారు ఆ రోజుల్లో గుంటూరులో కొనడం మామూలే. రికార్డు అటువైపు ఉంటే ఇప్పుడది వేరే రాష్ట్రం, ఫారం 28లో నిరభ్యంతర పత్రం అడుగుతారు. నల్లగొండ కోడ్ ఏపీ-24 నుంచి టీఎస్-05కి, 2024 మార్చి నుంచి టీజీ-05కి మారింది. దానివల్ల మీ పాత మూడక్షరాల నంబరు మారదు. కంప్యూటర్‌లోకి ఎక్కకపోయి ఉంటే పాత రిజిస్టర్ నుంచి వివరాలు ఎక్కించమని విడిగా దరఖాస్తు పెట్టాలి.

బీమా ప్రపోజల్‌లో ఇంజిన్ నంబరు, ఇంధనం ఉన్నది ఉన్నట్టు రాయండి. మార్చిన ఇంజిన్ దాచి పాలసీ తీసుకుంటే మీ బండి డ్యామేజీ క్లెయిమ్ తోసేస్తారు. ఎవరికైనా దెబ్బ తగిలి నల్లగొండ ట్రిబ్యునల్‌లో కేసు పడితే, ముఖ్యమైన విషయం దాచారంటూ 150(2) సెక్షన్ కింద కంపెనీ తప్పుకోవాలని చూస్తుంది. అప్పుడు పరిహారం మీ ఆస్తి నుంచి పోతుంది.

అన్నీ సరిచేశాక కూడా అధికారి తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రావద్దు, కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు అడగండి. అది అందిన 30 రోజుల్లో 57వ సెక్షన్ కింద అప్పీలు చేయాలి. రాతపూర్వక ఉత్తర్వు లేకుండా హైకోర్టుకు పోతే అడిగే మొదటి ప్రశ్న అదే.