వాక్యం మొదట్లో ఉన్న పని ఎవరిది?

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఐఈఎల్‌టీఎస్ జనరల్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసే మనవాళ్లలో చాలామంది మిగతా మూడు విభాగాలూ గట్టెక్కి, రైటింగ్‌లో 6.5 దగ్గర ఆగిపోతుంటారు. కెనడా భాషా ప్రమాణమైన సీఎల్‌బీలో 9వ స్థాయి రావాలంటే అక్కడ 7 కావాలి. రైటింగ్ మార్కుల్లో గ్రామర్‌ది నాలుగో వంతు. తప్పులేని వాక్యాలు తరచుగా కనిపిస్తేనే అందులో 7 ఇస్తారు. అందుకే కోచింగ్‌లో మిస్‌ప్లేస్డ్ మాడిఫయర్ (వర్ణించే మాటలు తప్పు చోట పడటం), డ్యాంగ్లింగ్ మాడిఫయర్ (అవి ఎవరి గురించో ఆ మనిషే వాక్యంలో లేకపోవడం) అని చెప్పే తప్పులను తేలిగ్గా తీసుకోకండి.

‘వాకింగ్ టు ది స్టేషన్, ది రెయిన్ స్టార్టెడ్’ అని రాస్తే స్టేషన్‌కు నడిచింది వాన అవుతుంది. నిజానికి ఈ తేడా మీకు పుట్టుకతోనే తెలుసు. ‘నేను నడుస్తూ పాట విన్నాను’ అంటాం, నడిచిందీ విన్నదీ ఒకరే కాబట్టి. వాన సంగతి వచ్చేసరికి ‘నడుస్తూ వాన మొదలైంది’ అనం, ‘నడుస్తుండగా మొదలైంది’ అంటాం. వాక్యం మొదట్లో వచ్చే ‘వాకింగ్’ మన ‘నడుస్తూ’ లాంటిది. ‘నడుస్తుండగా’ చెప్పాల్సిన చోట ‘వైల్ ఐ వాజ్ వాకింగ్’ అని మనిషిని కూడా రాయాలి. వ్యాసాల్లో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది: ‘లివింగ్ ఫార్ ఫ్రమ్ ది సిటీ, బసెస్ ఆర్ ఇంపార్టెంట్’. దూరంగా ఉండేది బస్సులు కాదు, జనం. ‘పీపుల్ లివింగ్ ఫార్ ఫ్రమ్ ది సిటీ నీడ్ బసెస్’ అంటే సరిపోతుంది, వాక్యం కూడా బలంగా ఉంటుంది.

రెండో రకం తప్పు వాక్యం చివర జరుగుతుంది. ‘తక్కువ దూరం తిరిగిన కారు’ అన్నప్పుడు తెలుగులో వర్ణన కారుకు ముందే అతుక్కుని ఉంటుంది. ఇంగ్లిష్‌లో అది తరచుగా వెనక వస్తుంది, మధ్యలో ఇంకొకరు దూరిపోతారు: ‘ఐ బాట్ ఎ కార్ ఫ్రమ్ మై నైబర్ విత్ లో మైలేజ్’. మైలేజ్ పక్కింటాయనది అయిపోయింది! ‘ఎ లో-మైలేజ్ కార్’ అని ముందుకు జరపండి.

‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలన్న చర్చకు మాత్రం ఎక్కువ సమయం ఇవ్వకండి. అర్థం మారిపోయే చోట సరిచూసుకుంటే చాలు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ పాత పుస్తకాల్లోని సెంటెన్స్ కరెక్షన్ ప్రశ్నలను ఈ అభ్యాసానికి వాడుకోవచ్చు. 2023 చివర్లో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో ఆ విభాగమే లేదు కాబట్టి, ఎంబీఏ కోసం చదివేవాళ్లు వాటిని కొననక్కర్లేదు.

పరీక్షలో వ్యాసానికి కేటాయించే 40 నిమిషాల్లో చివరి ఐదూ దిద్దుకోవడానికి ఉంచుకోండి. ‘-ఇంగ్’తోనో ‘-ఎడ్’తోనో మొదలైన వాక్యాలను మాత్రం వెతికి, కామా తర్వాత వచ్చిన మొదటి పేరు మీద వేలు పెట్టి ‘ఈ పని చేసింది వీళ్లేనా?’ అని అడగండి. కాదంటే మనిషిని తెచ్చి అక్కడ పెట్టండి.