స్టాండ్ మిక్సర్ కొనాలా? కేకులకైతే ఒక మాట, బ్రెడ్డుకైతే ఇంకో మాట

ప్రశ్న: వారానికి ఒకటి రెండు కేకులు చేస్తుంటాను. తెలిసినవాళ్లు పుట్టినరోజులకి ఆర్డర్లు కూడా ఇస్తున్నారు. ఇంట్లో రెండువేల రూపాయల హ్యాండ్ మిక్సర్ ఉంది. పదివేలు పెట్టి, గిన్నెతో సహా గట్టు మీద నిలబడి తనే తిప్పే స్టాండ్ మిక్సర్ కొంటే కేకు ఇంకా మెత్తగా వస్తుందా? – ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: రాదు. స్పాంజి కేకు మెత్తదనం గుడ్లలోకి ఎంత గాలి ఎక్కింది, ఆ గాలి పోకుండా మైదా ఎలా కలిపారు అన్నదాని మీద ఉంటుంది. 3 గుడ్లు, 90 గ్రాముల పంచదార మీ హ్యాండ్ మిక్సర్‌తోనే 6 నుంచి 8 నిమిషాలు గిలకొట్టండి. బీటర్ పైకెత్తితే మిశ్రమం రిబ్బన్‌లా జారాలి, పడిన గీత రెండు మూడు సెకన్లు చెరిగిపోకుండా కనబడాలి. అక్కడిదాకా ఏ మెషిన్‌తో వచ్చినా కేకు ఒకటే. ఆ తర్వాత వేసే 90 గ్రాముల మైదాని ఏ మెషిన్‌తోనూ కలపకూడదు. జల్లించి మూడు విడతలుగా వేస్తూ, వెడల్పాటి గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి. చాలా కేకులు గట్టిపడేది ఇక్కడే.

పైగా చిన్న కొలతలకి పెద్ద మెషిన్ ఇబ్బందే. 5 లీటర్ల గిన్నెలో ఒక్క తెల్లసొనో, 150 మి.లీ. క్రీమో వేస్తే విస్క్ (తీగల బీటర్) వాటికి సరిగ్గా అందదు. అరకిలో కేకుకి క్రీమ్ కావాలంటే హ్యాండ్ మిక్సరూ, లోతైన చిన్న గిన్నే నయం.

స్టాండ్ మిక్సర్ ఇచ్చే లాభం చేతులు ఖాళీ కావడం. 118 డిగ్రీల పంచదార పాకాన్ని సన్నధారగా పోస్తూ తెల్లసొన గిలకొట్టే ఇటాలియన్ బటర్‌క్రీమ్ లాంటివాటికి అది నిజంగా పనికొస్తుంది. కానీ చేతులు ఖాళీ అని పక్కగదిలోకి వెళ్తే క్రీమ్ పాడవుతుంది. నాన్-డెయిరీ విప్పింగ్ క్రీమ్‌ని ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చి, ఇంకా కాస్త మంచుపలుకులు ఉండగానే మొదలుపెట్టాలి. గిన్నెనీ, విస్క్‌నీ పావుగంట ముందే ఫ్రిజ్‌లో పెట్టుకుని మధ్యస్థ వేగంలో తిప్పండి. విస్క్ పైకెత్తితే క్రీమ్ కొసలు నిలబడగానే ఆపేయాలి, ఒక్క నిమిషం ఎక్కువైనా రవ్వరవ్వగా అయిపోతుంది. ఇక 25 శాతం కొవ్వున్న మామూలు ఫ్రెష్ క్రీమ్‌ని ఎంత ఖరీదైన మెషిన్‌లో తిప్పినా అది నిలవదు.

వారానికి ఐదారు కేకులు దాటి, ఒక్కో విడతకి లీటరు క్రీమ్ కొట్టాల్సి వచ్చినప్పుడు కొనండి. ప్రస్తుతానికి ఒక డిజిటల్ త్రాసు, ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే కేకుకి ఎక్కువ మేలు. ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) డయల్ మీది అంకెకీ లోపలి వేడికీ పదిహేను ఇరవై డిగ్రీల తేడా ఉండటం కొత్తేమీ కాదు.

ప్రశ్న: బ్రెడ్డు, బన్నులు, పావ్ ఇంట్లోనే చేస్తాను. పిండి పిసికేసరికి చేతులు పడిపోతున్నాయి. 1400 వాట్ల స్టాండ్ మిక్సర్ తొమ్మిది వేలకి వస్తోంది. తీసుకోవచ్చా? వేసవిలో మిక్సర్‌లో కలిపితే పిండి జిగురైపోతుందని కూడా విన్నాను. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీలాంటివారికే ఈ మెషిన్. వాట్ల అంకె చూసి మాత్రం కొనకండి. అది మోటారు లాగే కరెంటు లెక్క, పిండిని తిప్పే కొక్కేనికి చేరే బలం కాదు. అమెరికాలో ఏళ్ల తరబడి అమ్ముడవుతున్న కిచెన్‌ఎయిడ్ కంపెనీ తల (మోటారున్న పైభాగం) వంచే మోడళ్లలో 325 వాట్లవి ఉన్నాయి, బ్రెడ్డు పిండి కలపడానికి అవి చాలుతున్నాయి.

చూడాల్సినవి వేరు. మొదటిది బరువు. ఐదారు కిలోల మెషిన్ గట్టి పిండి తిరిగేటప్పుడు గ్రానైట్ గట్టు మీద నడుస్తుంది, తల ఎగిరెగిరి పడుతుంది. పదికిలోలది కదలదు. తర్వాత మాన్యువల్ తీసి ఒక్కసారికి ఎన్ని గ్రాముల పిండి వెయ్యమన్నారో, ఆపకుండా ఎన్ని నిమిషాలు నడపొచ్చో చదవండి. చవక మోడళ్లు చాలావాటికి ఐదు నుంచి పది నిమిషాలే గడువు, తర్వాత చల్లారనివ్వాలి. గిన్నె 5 లీటర్లదైనా 500–600 గ్రాముల మైదాకి మించి ఆశించకండి. లోపలి పళ్లచక్రాలు లోహమా ప్లాస్టిక్కా అని అడగండి. మీ ఊళ్లోనో దగ్గరి పట్నంలోనో సర్వీస్ సెంటర్ లేకపోతే ఆ తొమ్మిది వేలు కూడా దండగే. తల పైకి వంచే మోడలైతే, గట్టు పైనున్న అల్మరాకి తగలకుండా ఉంటుందో లేదో కొలుచుకోండి.

500 గ్రాముల మైదాకి 320 మి.లీ. నీళ్లు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 9 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల పంచదార, 30 గ్రాముల వెన్న. వెన్న తప్ప మిగతావన్నీ కొక్కెంతో 1వ వేగంలో రెండు నిమిషాలు కలిపి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. ఆ విరామంలో మైదా నీళ్లు పీల్చుకుంటుంది, మోటారు మీద భారం తగ్గుతుంది. తర్వాత 2వ వేగంలో ఐదు నిమిషాలు తిప్పి, వెన్న వేసి మరో నాలుగు నిమిషాలు. చిన్న ముద్ద తీసి వేళ్లతో సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనబడేంత పల్చటి పొర రావాలి. త్వరగా అవుతుందని వేగం పెంచితే పిండి కొక్కెం మీదికి ఎక్కి అక్కడే చుట్టుకుంటుంది, తల అదురుతుంది, పళ్లచక్రం అరుగుతుంది.

వేసవి సంగతి మీరు విన్నది నిజమే. మిక్సర్ రాపిడికి పిండి వేడెక్కుతుంది. కలపడం పూర్తయ్యేసరికి పిండి 26 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. బేకరీవాళ్ల లెక్క ఇది: 26ని మూడుతో హెచ్చవేస్తే 78. అందులోంచి గది వేడి, మైదా వేడి, రాపిడి వేడి తీసేస్తే నీళ్లు ఎంత చల్లగా ఉండాలో వస్తుంది. మే నెలలో గది 36, మైదా 36, రాపిడికి 12 వేసుకుంటే సున్నాకి ఆరు డిగ్రీలు కిందికి పోతుంది, అంత చల్లటి నీళ్లు ఎక్కడ తెస్తాం? అందుకే మైదాని ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. అది 10 డిగ్రీలుంటే 20 డిగ్రీల నీళ్లు చాలు. మైదాకి ఫ్రిజ్‌లో చోటు లేకపోతే నీళ్లలో కొంత భాగం చితక్కొట్టిన ఐసు వెయ్యండి, బరువు మాత్రం మొత్తం 320 గ్రాములే. జిగురుగా ఉందని పైన మైదా చల్లుతూ పోతే బన్ను గట్టిపడుతుంది.

మెషిన్ లేకుండా కూడా దారి ఉంది. అదే పిండిని గరిటెతో తడిపి (వెన్న కరిగించి ఇప్పుడే వేసెయ్యండి) 20 నిమిషాలు ఆగి, తడిచేత్తో నాలుగువైపులా సాగదీసి మడవండి. అరగంటకోసారి ఇలా మూడు నాలుగు సార్లు, ఎండాకాలంలో 20 నిమిషాలకోసారి. నెలకి రెండు బ్రెడ్లు చేసేవాళ్లు దీనితో సరిపెట్టుకోవచ్చు.

ప్రశ్న: కొంటే చపాతీ, పూరీ, అరిసెల పిండి కూడా కలిసొస్తాయా? – ఒక గృహిణి, ఏలూరు

జవాబు: చపాతీకి సరే. 500 గ్రాముల గోధుమపిండికి 300 మి.లీ. నీళ్లు, నెమ్మది వేగంలో నాలుగు నిమిషాలు. పూరీ పిండి అంతకంటే గట్టి కాబట్టి వద్దు. అరిసెల పాకంపిండి జోలికి అసలు వెళ్లకండి, చల్లారేకొద్దీ బిగుసుకుని మోటారుని ఆపేస్తుంది. చపాతీల కోసమే అయితే పిండి కలిపే అమరిక ఉన్న టిల్టింగ్ వెట్ గ్రైండర్ చూడండి. ఇడ్లీ, దోసెల పిండి కూడా రుబ్బుకోవచ్చు.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా ఆడపడుచు వచ్చేటప్పుడు కిచెన్‌ఎయిడ్ తెస్తానంటోంది. అక్కడ డిస్కౌంట్‌లో చవకట. తెమ్మనమంటారా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అక్కడి మెషిన్ 120 వోల్టులది, మన ఇళ్లలో 230. ప్లగ్గు మార్చి నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మెషిన్ 325 వాట్లదైనా, మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కనుక కనీసం 750 వీఏది (వోల్ట్-ఆంపియర్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత), వీలైతే 1000 వీఏది తీసుకోండి. హెయిర్ డ్రయర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు, వేగాన్ని నియంత్రించే బోర్డుని పాడుచేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ కూడా కిలోల బరువే, గట్టు మీద దానికీ చోటు చూడాలి. విమానంలో 23 కిలోల పెట్టెలో సగం ఈ మెషిన్‌కే పోతుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందని అనుకోవద్దు. వాళ్ల దగ్గర వాడకుండా పడి ఉన్నది ఊరికే ఇస్తుంటే తెచ్చుకోండి. కొత్తది కొనిపించి తెప్పించుకోవడం కన్నా ఇక్కడే 230 వోల్టులది కొనడం మేలు.

ప్రశ్న: నేను చేసేవన్నీ గుడ్డు లేని కేకులు. నాకు ఏది మంచిది? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: చేత్తో తిప్పే విస్క్, ఒక గరిటె. పెరుగు, సోడాతో పొంగే పిండిని మెషిన్‌లో తిప్పితే మైదా సాగుడు వచ్చి కేకు రబ్బరులా తయారవుతుంది, కోస్తే లోపల సొరంగాలు కనబడతాయి. పొడి మైదా కనబడకుండా కలిస్తే చాలు, ఒకటి రెండు ఉండలున్నా ఫరవాలేదు.

ప్రశ్న: మా స్టాండ్ మిక్సర్ గిన్నె అడుగున వెన్న కలవకుండా మిగిలిపోతోంది. ఈమధ్య బీటర్ తగిలించే కడ్డీ నుంచి నూనె కూడా కారుతోంది. పాడైనట్టేనా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రెండూ సరిచేసుకోగలిగినవే. ఖాళీ గిన్నెలో రూపాయి బిళ్ల వేసి, ఆకు ఆకారపు బీటర్ బిగించి అతి నెమ్మదిగా తిప్పండి. బీటర్ దాటిన ప్రతిసారీ బిళ్ల ఒక సెంటీమీటరు జరగాలి. అసలు కదలకపోతే బీటర్ ఎత్తుగా ఉన్నట్టు. బిళ్లని చుట్టూ ఈడ్చుకుపోతుంటే మరీ కిందికి దిగినట్టు. తల వంచే కిచెన్‌ఎయిడ్‌లో తల పైకెత్తితే మెడ దగ్గర ఒక స్క్రూ కనబడుతుంది. ప్లగ్గు తీసేసి దాన్ని కొంచెం కుడికి తిప్పితే బీటర్ దిగుతుంది, ఎడమకైతే లేస్తుంది. ఒక్కోసారి పావుచుట్టు తిప్పి మళ్లీ బిళ్లతో చూసుకోండి. కొన్ని కంపెనీల్లో స్క్రూ బదులు బీటర్ కడ్డీ మీదే నట్టు ఉంటుంది. ఏదీ లేకపోతే మధ్యలో ఆపి గరిటెతో అడుగు గీకడమే.

నూనె కారడానికి కారణం లోపలి గ్రీజులోంచి నూనె విడిపోవడం. నెలల తరబడి వాడకపోయినా, వంటిల్లు బాగా వేడిగా ఉన్నా ఇలా జరుగుతుంది. కడ్డీ శుభ్రంగా తుడిచి, బీటర్ లేకుండా ఎక్కువ వేగంలో రెండు నిమిషాలు నడపండి. తర్వాత కూడా కారుతుంటే పాత గ్రీజంతా తీయించి, ఆహార యంత్రాలకి వాడే గ్రీజు కొత్తగా పెట్టించండి. బండి మెకానిక్ దగ్గర దొరికే గ్రీజు వద్దు, కారిందంటే పడేది మీ పిండిలోనే.