అప్‌గ్రేడ్ చేస్తే నా సామెతలు పోతాయా?

కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ సిస్టమ్ వాడే పాఠకుల ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిచ్చేవారు కడపలో ఇరవై రెండేళ్లు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ నడిపి రిటైరయ్యారు.

ప్రశ్న: అమ్మా, నాది కర్నూలు. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు బళ్లల్లో పనిచేసిన కాలంలో రైతుల నోట విన్న సామెతలన్నీ నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకున్నాను. మడక మీద, గొర్రు మీద, వాన మీద, అత్తాకోడళ్ల మీద, అన్నీ ఉన్నాయి. పదకొండేళ్లుగా వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. నాలుగు వేలు దాటాయి. మా అబ్బాయి 2020లో ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లైనక్స్, 20.04 వెర్షన్ వేసిచ్చి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఇప్పుడు తెరిచినప్పుడల్లా ఈ వెర్షన్‌కు సపోర్ట్ అయిపోయింది, కొత్తదానికి మారండి అని వస్తోంది. నొక్కితే సామెతలు పోతాయేమోనని భయం, నొక్కకపోతే ఇంకేమవుతుందోనని భయం. రెండు నెలల్లో పుస్తకాన్ని ప్రెస్సుకు ఇవ్వాలి. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యవారూ, నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు వేల సామెతలంటే మాటలా! ముందు మీ భయం తీరుస్తాను. అప్‌గ్రేడ్ మీ సామెతలను ముట్టుకోదు.

మన మట్టిమిద్దెల సంగతి మీకు తెలిసిందే. వానలకు ముందు పైన పాత చౌడు తీసేసి కొత్త చౌడు పోయిస్తాం. కింద గాదెలో గింజల జోలికి ఎవరూ పోరు. ఉబుంటులోనూ అంతే. మీరు టైపు చేసినవన్నీ హోమ్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. అప్‌గ్రేడ్ జరిగేది సిస్టమ్ ఫోల్డర్లలో. అయినా చౌడు పోయించే రోజు గాదె మీద ఒక దుప్పటి కప్పుతాం కదా, ఆ దుప్పటి గురించే మీకు ఎక్కువ చెప్పాలి.

ఎందుకంటే నేను కప్పలేదు. 2017 మే నెలలో మా ఇంట్లో డెస్క్‌టాప్‌ను 14.04 నుంచి 16.04కు మారుస్తున్నాను. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి నెలైంది, రేపు మాపు అంటూ వాయిదా వేశాను. సాయంత్రం నాలుగింటికి గాలిదుమారం లేచింది, కరెంటు పోయింది. అప్పటికి ప్యాకేజీలు, అంటే సిస్టమ్‌లోని ప్రోగ్రాముల మూటలు, సగం ఎక్కాయి. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్ల తెర, మూలన ఒక గీత మిణుకుమిణుకుమంటోంది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ల్యాబ్‌లో వందల మిషన్లు చూసినదాన్నే, ఇంట్లోది అయ్యేసరికి ఓపిక పట్టలేకపోయాను. పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేశాను. అది అడిగే ప్రశ్నల్లో డిస్క్ మొత్తం తుడిచేయమంటారా అన్న చోట అవునని నొక్కాను. మా నాన్న ఎద్దుల బేరాలు, వేరుశనగ లెక్కలు రాసుకున్న మూడు పద్దుపుస్తకాలను స్కాన్ చేసి అందులోనే పెట్టుకున్నాను. చెదలు తిన్నాయని అసలు పుస్తకాలను అంతకుముందే పారేశాం. ఆయన చేతిరాత ఇప్పుడు మా ఇంట్లో ఎక్కడా లేదు.

కరెంటు పోయినప్పుడు ఆ స్కాన్‌లు చెక్కుచెదరకుండానే ఉన్నాయి అయ్యవారూ. వాటిని తుడిచింది కంగారులో నేను నొక్కిన ఆ ఒక్క బటన్. అందుకే ఎవరు అడిగినా ముందు ఈ సంగతే చెబుతున్నాను.

ఇక మీ విషయం. పుస్తకం ప్రెస్సుకు పోయేదాకా అప్‌గ్రేడ్ వద్దు. పని నడిమధ్యలో పనిముట్టు మార్చుకోకూడదన్నది నా అభిప్రాయం. ఉబుంటులో రెండేళ్లకోసారి, సరి సంవత్సరం ఏప్రిల్‌లో, ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్, వస్తుంది. దానికి ఐదేళ్లు ఉచితంగా భద్రతా అప్‌డేట్లు ఇస్తారు. మీ 20.04కు ఆ గడువు 2025 మేలో తీరిపోయింది. అలాగని ఏ రక్షణా లేకుండా ఉండనక్కర్లేదు. ఉబుంటు ప్రో అని ఒకటుంది, సొంత వాడకానికి ఐదు మిషన్ల వరకు ఉచితం. ఒక ఖాతా తెరిచి ల్యాప్‌టాప్‌ను దానికి కలిపితే 20.04కు 2030 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఈ రెండు నెలలు హాయిగా గడిచిపోతాయి.

పుస్తకం అచ్చుకు వెళ్లిన మర్నాడు పని మొదలుపెట్టండి. ముందు కాపీ. కొత్త పెన్‌డ్రైవ్ కొని హోమ్‌లో ఉన్న డాక్యుమెంట్లు, ఫోటోలు అందులోకి ఎక్కించండి. ఫైల్స్ కిటికీ తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్లు కూడా కనిపిస్తాయి. మీ అబ్బాయి పోతన ఫాంటును చేత్తో వేసి ఉంటే అది అక్కడే ఉండొచ్చు, దాన్నీ తీసుకోండి. కాపీ అయ్యాక రెండు చోట్లా ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ చూడండి. లోపల ఎన్ని ఐటెంలున్నాయో చూపిస్తుంది. ఇక్కడ 312 ఉంటే అక్కడా 312 ఉండాలి. అంతటితో వదిలేయకండి. పెన్‌డ్రైవ్‌ను తెలిసినవాళ్ల కంప్యూటర్‌కు తగిలించి ఒక ఫైలు తెరిచి, చివరి పేజీలో మీరు ఆఖరున రాసిన సామెత ఉందో లేదో కళ్లారా చూడండి. అప్పుడే కాపీ అయినట్టు లెక్క. వీలైతే ఇంకో కాపీ మీ అబ్బాయికి పంపండి. బ్రౌన్ దొర 1820లో మా కడపకు వచ్చాక పండితులకు జీతాలిచ్చి తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించాడు. ఇప్పటికీ ఆయన పేరిట ఉన్న గ్రంథాలయం మెట్లెక్కినప్పుడల్లా నాకు నాన్న పద్దుపుస్తకాలే గుర్తొస్తాయి. వాటికి ఒక్క ప్రతి కూడా తీయించలేకపోయాను.

20.04 నుంచి నేరుగా 24.04కు దూకలేరు. ముందు 22.04, అది కుదురుకున్నాక 24.04. ఒక్కో అడుగుకు ఒక పూట పెట్టుకోండి, రెండూ ఒకే రోజు వద్దు. మొదట ఉన్న వెర్షన్‌లోని అప్‌డేట్లన్నీ పూర్తిచేసి రీస్టార్ట్ చేయాలి, లేకపోతే అదే ముందుకు పోనివ్వదు. ఛార్జర్ తగిలించే ఉంచండి. మీది ల్యాప్‌టాప్ కాబట్టి బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా గండం లేదు. ఎన్ని ప్యాకేజీలు మారతాయో, ఎన్ని తీసేస్తారో, ఎంత దించుకోవాలో చెప్పి ఆఖరిసారి అడుగుతుంది. దించుకుంటున్నంతసేపు ఆపినా మీ పాత వెర్షన్‌కు ఏమీ కాదు. ఎక్కించడం మొదలయ్యాక మాత్రం మూత వేయకండి, మధ్యలో ఆపకండి.

నడుమ ఎక్కడో ఫలానా సెట్టింగ్ ఫైలు పాతది ఉంచాలా, కొత్తది వేయాలా అని అడగొచ్చు. మీరు అలాంటివి చేత్తో మార్చి ఉండరు కాబట్టి ఉన్నదే ఉంచమనండి. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, అయితే ఎంటర్ నొక్కితే చాలు, ఉన్నదే ఉంటుంది.

ఒకవేళ నాకు జరిగినట్టే నల్ల తెర వచ్చిందనుకోండి. మొదట లేచి వెళ్లి మంచినీళ్లు తాగి రండి, నిజంగానే చెబుతున్నా. తర్వాత ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని కింద రికవరీ మోడ్. ఆ మెనూలో డీపీకేజీ అనే వరుస ఉంటుంది, సగంలో ఆగిన ప్యాకేజీలను పూర్తిచేసేది అదే. చాలాసార్లు దాంతోనే లేచి కూర్చుంటుంది. అదీ పనిచేయకపోతే ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి ట్రై ఉబుంటు అన్నదాన్ని ఎంచుకోండి. ఇన్‌స్టాల్ అన్నదాన్ని తాకకండి. ట్రైలో ఉండగానే మీ డిస్క్‌ను తెరిచి ఫైళ్లన్నీ బయటికి తీసుకోవచ్చు. ఆ సాయంత్రం నాకు ఇది తట్టలేదు.

22.04లోకి వెళ్లాక మీరు తప్పకుండా వెతుక్కునేది తెలుగు కీబోర్డు. ఇప్పుడది సెట్టింగ్స్‌లో రీజియన్ అండ్ లాంగ్వేజ్ కింద ఉంది, కొత్తదానిలో కీబోర్డ్ అనే పేజీకి మార్చారు. అక్కడ ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు కనబడకపోతే కూడిక గుర్తు నొక్కి చేర్చుకోండి. డాక్యుమెంట్లు రాసుకునే లిబ్రేఆఫీస్ 6.4 నుంచి 7.3కు, 24.04లో 24.2కు మారుతుంది. ఆ చివరి అంకె చూసి ఇన్ని వెర్షన్లు దాటిపోయానా అనుకోకండి. వాళ్లు 2024 నుంచి సంవత్సరం, నెల లెక్కన పేరు పెడుతున్నారు. మీ పాత ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి. పేజీలు అటూ ఇటూ జరగొచ్చు, అందుకే పుస్తకం అచ్చుకు వెళ్లాకే అంటున్నాను.

పుస్తకం వచ్చాక ఒక ప్రతి నాకు కావాలి, డబ్బు పంపిస్తాను.

ప్రశ్న: అక్కా, ప్రొద్దుటూరులో జిరాక్స్ అంగడి పెట్టుకున్నా. 22.04 నుంచి 24.04కు పోదామంటే బూట్‌లో చోటు చాలదంటోంది. ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు చేత్తో తీసేయమని ఒకాయన చెప్పినాడు. తీసేయొచ్చా? నెట్టు ఫోన్ నుంచే.

జవాబు: వద్దు తమ్ముడూ. అందులో ఉండేవి కెర్నల్ ఫైళ్లు, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటివి, మిషన్ లేవాలంటే అవే కావాలి. అప్‌డేట్ చేసినప్పుడల్లా కొత్త కెర్నల్ వచ్చి చేరుతుంది, పాతవి మిగిలిపోయి డిస్క్‌లో బూట్‌కు కేటాయించిన చిన్న భాగం నిండుతుంది. టెర్మినల్‌లో సుడో ఏపీటీ ఆటోరిమూవ్ (sudo apt autoremove) అని కొట్టు. ఇక అక్కర్లేని పాత కెర్నళ్లను అదే తీస్తుంది, ఇప్పుడు నడుస్తున్నదాన్ని ఉంచుతుంది. ఒకసారి రీస్టార్ట్ చేసి అంగడి పనులన్నీ సాగుతున్నాయని చూసుకున్నాకే అప్‌గ్రేడ్‌కు కూర్చో.

రోజుకు ఇంత అని లెక్క ఉండే ఫోన్ ప్యాక్‌తో కూర్చోవద్దు, దించుకోవాల్సింది గిగాబైట్లలో ఉంటుంది. శనివారం రాత్రి అంగడి మూసి, వైఫై ఉన్న ఇంటికి సీపీయూ మోసుకుపో. దాని కంటే ముందు నీ ప్రింటర్ డ్రైవర్ 24.04కు వచ్చిందో లేదో కనుక్కో. ఉబుంటు బయటి నుంచి చేర్చుకున్న సోర్సులను, అంటే ప్రోగ్రాములు దించుకునే చోట్లను, అన్నింటినీ అప్‌గ్రేడ్ ఆపేస్తుంది, తర్వాత ఒక్కొక్కటీ నువ్వే ఆన్ చేసుకోవాలి. డ్రైవర్ రాలేదంటే ఇంకా ఆగు. 22.04కు 2027 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి, తొందరేం లేదు. అడ్మిషన్ల రోజుల్లో గిరాకీ నిలబడి ఉంటే ప్రింటర్ మొరాయించడం నీకు కూడుకు దెబ్బ.

ప్రశ్న: మేడమ్, అనంతపురంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. 22.04 నుంచి 24.04కు బాగానే మారింది. కానీ నా పైథాన్ ప్రాజెక్టు నడవట్లేదు. లైబ్రరీలను తెచ్చే పిప్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామంటే ఈ ఎన్విరాన్‌మెంట్‌ను బయట నుంచి నిర్వహిస్తున్నారు అని ఆపేస్తోంది. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెడితే పోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. వచ్చే వారం రివ్యూ ఉంది.

జవాబు: ఆ ఆప్షన్ పేరులోనే ఉంది నాయనా, సిస్టమ్ ప్యాకేజీలు విరిగినా పరవాలేదని నువ్వు ఒప్పుకున్నట్టు. ఉబుంటు సొంత పనిముట్లు చాలావరకు పైథాన్ మీదే నడుస్తాయి. దాని జోలికి పోకు.

జరిగింది ఇది. 22.04లో పైథాన్ 3.10, 24.04లో 3.12. నీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఒక్క ప్రాజెక్టుకే విడిగా లైబ్రరీలు పెట్టుకునే చోటు, ఆ ఫోల్డర్‌లో పైథాన్ అని కనిపించేది సిస్టమ్‌లో ఉన్న పైథాన్‌కు ఒక లింకు మాత్రమే. నీ లైబ్రరీలన్నీ 3.10 ఫోల్డర్‌లో కూర్చున్నాయి, కొత్త పైథాన్ అటు చూడదు. పాత ఫోల్డర్‌ను తీసేయకుండా పేరు మార్చి పక్కన పెట్టు. ఏపీటీతో పైథాన్3 వీఈఎన్‌వీ (python3-venv) ప్యాకేజీ వేసుకుని కొత్త ఎన్విరాన్‌మెంట్ చేసుకో. దాని లోపల పిప్ మామూలుగానే పనిచేస్తుంది.

రిక్వైర్‌మెంట్స్ ఫైలు, అంటే కావాల్సిన లైబ్రరీల జాబితా, రాసుకుని ఉంటే ఒక్క ఆదేశంతో అన్నీ వచ్చేస్తాయి. రాసుకోలేదేమో, ఉత్తరంలో దాని మాటే లేదు. అందుకే పాతది తీసేయవద్దన్నాను. పాత ఫోల్డర్‌లో లిబ్, అందులో పైథాన్3.10, అందులో సైట్ ప్యాకేజెస్ తెరువు. ప్రతి లైబ్రరీకీ డిస్ట్ ఇన్ఫో అని ముగిసే ఫోల్డర్ ఉంటుంది, ఆ పేరులోనే లైబ్రరీ పేరూ వెర్షనూ ఉంటాయి. ఒక కాగితం మీద వరుసగా రాసుకో. నమ్‌పై అనే లెక్కల లైబ్రరీ 1.26 కంటే పాతది కనిపిస్తే ఆ అంకె కొట్టేసి 1.26 వేయి, 3.12తో పనిచేయడం అక్కడి నుంచే మొదలు. డిస్ట్‌యుటిల్స్ లేదని ఏదైనా లైబ్రరీ గొడవ చేస్తే సెట్అప్‌టూల్స్ వేసుకో, 3.12లో డిస్ట్‌యుటిల్స్‌ను తీసేశారు.

ఈ పని ఈ రాత్రే చెయ్యి, రివ్యూ ముందు రోజుకు పెట్టుకోకు. ప్రాజెక్టు నడిచాక పిప్ ఫ్రీజ్ అని కొట్టి, వచ్చిన జాబితాను రిక్వైర్‌మెంట్స్ ఫైలులో దాచి, ఆ ఫైలును నీ ఫ్రెండ్‌కు కూడా మెయిల్ చెయ్యి.