ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక.. అడగలేక ఆగిన ప్రశ్నలు

ఒంటికి (మూత్రానికి) ధార ఎట్లా వస్తోందో చెప్పినంత తేలిగ్గా పడక మీది సంగతి డాక్టర్‌కు ఎవరూ చెప్పలేరు. ఓపీలో వెనక ఇరవై మంది నిలబడి ఉంటారు. పక్కన కొడుకో అల్లుడో ఉంటాడు. కొన్నిచోట్ల డాక్టర్లు కూడా ఆ ముక్క ఎత్తకుండానే ప్రోస్టేట్ (మూత్రాశయం కింద మగవాళ్లకు ఉండే గ్రంథి, వయసుతో పెరిగి ధారకు అడ్డుపడుతుంది) ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకుంటారు. అది సరైన పద్ధతి కాదు. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాలకే ఈసారి శీర్షిక మొత్తం ఇస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నాకు 62 ఏండ్లు. ప్రోస్టేట్‌కు కోత లేకుండా లోపలి నుంచి గీకే ఆపరేషన్ (టీయూఆర్‌పీ) అయి మూడు నెలలైంది. ధార మంచిగ వస్తున్నది, రాత్రి ఒక్కసారే లేస్తున్న. కానీ భార్యతో కలిసినప్పుడు చివరికి ఏమీ బయటికి రావట్లేదు. స్తంభన ఉన్నది, సుఖం కూడా తెలుస్తున్నది. ధాతువు లోపలే నిలిచి మురిగిపోతుందా? నరం ఏమన్నా తెగిందా?
– మిర్యాలగూడ

జవాబు: నరం తెగలేదు, ఏదీ మురిగిపోవడం లేదు. మీ వీర్యం ముందుకు రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి పోతోంది. తర్వాత ఒంటికి పోయినప్పుడు అందులో కలిసి బయటికి వచ్చేస్తోంది.

సాగర్ ఎడమ కాలువ మీద తూములు చూసినవాళ్లు మీరు కాబట్టి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మూత్రాశయం మూతి దగ్గర ఒక కండరం తూము తలుపులా పనిచేస్తుంది. స్ఖలనం జరిగే క్షణంలో అది బిగుసుకుంటుంది. వెనక దారి మూసుకుంటుంది కాబట్టి వీర్యం ముందుకే చిమ్ముతుంది. ఆపరేషన్‌లో దారికి అడ్డుపడుతున్న ప్రోస్టేట్ కండను తీగ ఉంగరంతో పలుచగా గీకి తీసినప్పుడు ఆ మూతి కూడా వెడల్పవుతుంది, తలుపు పూర్తిగా పడదు. ముందు దారి సన్నం, పొడవు. వెనక దారి వెడల్పు, దగ్గర. తేలికైన వైపే పోతుంది. మీకు ధార ఇంత బాగా రావడానికీ, వీర్యం వెనక్కి పోవడానికీ కారణం ఒకటే.

టీయూఆర్‌పీ చేయించుకున్నవారిలో నూటికి 65 మందికి పైగా ఇట్లాగే జరుగుతుంది. అంటే ఇది అనుకోకుండా వచ్చిన పొరపాటు కాదు, ముందే చెప్పాల్సిన ఫలితం. మీకెవరూ చెప్పకపోవడమే తప్పు. లేజర్‌తో చేస్తే ఇది ఉండదని ప్రచారం ఉంది. ప్రోస్టేట్ లోపలి భాగాన్ని లేజర్‌తో ఒలిచి తీసే హోలెప్‌లో కూడా ఇది దాదాపు ఇంతే మందికి వస్తుంది.

మీకు మీరే చూసుకోవచ్చు. కలిసిన తర్వాత మొదటిసారి పోసే ఒంటేలు ఒక గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టండి. బియ్యం కడిగిన నీళ్లలా మసకగా ఉండి, మధ్యలో తెల్లటి దూది పోగుల్లాంటివి తేలుతుంటే అది వీర్యమే. ఆ తర్వాతి సారికి ఒంటేలు మామూలుగా తేరుకోవాలి. కలవని రోజుల్లో కూడా మసకగా ఉన్నా, మంట, దుర్వాసన, చలిజ్వరం ఉన్నా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, యూరిన్ కల్చర్ (ఒంటేలులో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయించాలి. లేబొరేటరీలో రూఢి చేసుకోవాలంటే స్ఖలనం తర్వాతి ఒంటేలును సూక్ష్మదర్శిని కింద చూస్తారు. వీర్యకణాలు కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. పిల్లలు కావాలనుకుంటే తప్ప ఆ పరీక్ష అవసరం లేదు.

ఇక 'ధాతువు పోతే నీరసం' అన్న మాట. ఒక్కసారి వచ్చే వీర్యం సుమారు ఒక చెంచాడు. అందులో ఎక్కువ భాగం వీర్యకోశాల ద్రవం, కొంత ప్రోస్టేట్ ద్రవం, వీర్యకణాల వంతు చాలా తక్కువ. ఇది ముందుకు పోయినా వెనక్కి పోయినా ఒంటికి లోటు రాదు. మూత్రాశయానికి, కిడ్నీలకు హాని లేదు. దీన్ని 'బాగుచేస్తాం' అని అమ్మే లేహ్యాలకు, ఇంజెక్షన్లకు డబ్బు పోయొద్దు. తెరుచుకున్న మూతిని అవి బిగించలేవు. షుగర్ వల్ల నరాలు మందగించి వీర్యం వెనక్కి పోతున్నవారికి కొన్ని మాత్రలు కొంత పనిచేస్తాయి కానీ, గీకి తీసిన చోట వాటితో ఫలితం ఉండదు.

కొందరికి చివరి సుఖం కాస్త మందంగా అనిపిస్తుంది, చిమ్మే కదలిక తెలియదు కాబట్టి. మీ ఇంటామెకు ఈ సంగతి మీరే చెప్పండి. తన మీద మనసు తగ్గిందనో, ఇంకెక్కడో అవుతోందనో అనుకునే ఆడవాళ్లు ఉన్నారు. ఒక్క మాట చెబితే తీరే అనుమానం అది.

ప్రశ్న: కల్లు గీత పని చేస్త. 55 ఏండ్లు. ఆపరేషన్ అయి 12 రోజులకు మళ్లీ ఎర్రగ ఒంటేలు వచ్చింది, భయపడ్డ. తాడు (తాటిచెట్టు) ఎప్పుడు ఎక్కాలె? ఇంట్ల కలిసేది ఎప్పుడు?
– నకిరేకల్

జవాబు: లోపల గీకిన చోట పుండు మీద పొక్కు కట్టినట్టు పొర కడుతుంది. ఆపరేషన్ అయిన వారం తర్వాత, మూడు వారాల లోపు ఆ పొర రాలుతుంది. అప్పుడు ఒకటి రెండు రోజులు ఎరుపు కనిపిస్తుంది. లేత గులాబీ రంగులో, నీళ్లు తాగితే పలుచబడుతుంటే భయం లేదు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు తాగండి, పని ఆపి పడుకోండి. రక్తం గడ్డలు గడ్డలుగా పడుతున్నా, ఎరుపు చిక్కబడుతున్నా, ఒంటికి రాక కడుపు కింద బిగుస్తున్నా రాత్రనక ఆస్పత్రికి పోవాలి. గడ్డ అడ్డం పడితే పైపు వేసి కడిగితే గాని వదలదు. గుండెకు రక్తం పలుచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో తేదీతో సహా రాయించుకోండి. సొంతంగా మొదలుపెట్టినా, సొంతంగా మానేసినా ముప్పే.

కలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. చివరి రెండు వారాలు ఒంటేలు తేటగా ఉండాలి. తొందరపడితే అదే చోట మళ్లీ రక్తం మొదలవుతుంది. మొదటి ఒకటి రెండు సార్లు కొద్దిగా మంట, ఎర్రటి చార ఉండొచ్చు.

చెట్టు విషయంలో మాత్రం ఇంకా ఆగాలి. ముత్తాదు నడుముకు బిగించి, మోకు మీద బరువు వేసి, కాళ్లతో తన్ని పైకి లేస్తుంటే ఒత్తిడంతా పొత్తికడుపు మీదనే పడుతుంది. ఎనిమిది వారాలు తాడు ఎక్కకుండా ఉండటం మేలు. ఆ తర్వాతా మీ డాక్టర్ సరే అన్నాకే, ముందు పొట్టి చెట్లు. నెల రోజులు బండి నడపొద్దు, ఐదు కిలోలకు మించి ఎత్తొద్దు, మలబద్ధకం రానివ్వొద్దు. ముక్కితే కూడా రక్తం వస్తుంది.

కల్లు అలవాటున్నవాళ్లకు ఒక మాట. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డ ఒంటికి అది ఒక్కసారిగా ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా వస్తాయి. ఆపరేషన్‌కు మత్తిచ్చే డాక్టర్‌కు ముందే దాచకుండా చెప్పండి. కల్లు మత్తు రోజూ ఎక్కితే కోరిక, స్తంభన రెండూ తగ్గుతాయి. ఆ నెపం తర్వాత ఆపరేషన్ మీదికి పోతుంది.

ప్రశ్న: మా ఆయనకు 64. పదేండ్ల నుంచి షుగర్. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినంక స్తంభన సరిగ్గ ఉండటం లేదు. ఇప్పుడు పక్కకే రారు. మెడికల్ షాపుల వంద గోలీ తెచ్చుకున్నరు, నాకు భయమైతున్నది. గుండెకు నాలుక కింద పెట్టుకునే గోలీ కూడా జేబులో ఉంటది.
– వనపర్తి

జవాబు: అమ్మా, ముందు ఆ వంద గోలీ పక్కన పెట్టించండి. అది స్తంభన కోసం వేసుకునే సిల్డెనఫిల్ 100 మిల్లీగ్రాములు. నాలుక కింద పెట్టుకునేది ఐసోసార్బైడ్ లాంటి నైట్రేట్ మందు. ఈ రెండూ కలిస్తే బీపీ ఉన్నట్టుండి పడిపోయి ప్రాణం పోవచ్చు. నైట్రేట్ వాడేవాళ్లు సిల్డెనఫిల్ గాని, అదే రకం తడలఫిల్ గాని వాడకూడదు, అంతే. ఇప్పటికే వేసుకుని ఉండి గుండెలో నొప్పి వస్తే నాలుక కింద గోలీ పెట్టకుండా 108కి ఫోన్ చేసి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో ఉన్నదున్నట్టు చెప్పాలి. సిగ్గుపడే సమయం కాదది.

స్తంభన ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు వస్తే, దానికి పనిచేసే నరాలు ప్రోస్టేట్ బయటి పొర మీదుగా పోతాయి. గీకేది లోపలి భాగాన్ని. కాబట్టి ఆపరేషన్ వల్ల స్తంభన దెబ్బతినేది కొద్దిమందికే. కేన్సర్‌కు ప్రోస్టేట్ మొత్తం తీసే ఆపరేషన్ వేరు, అందులో ఆ నరాలకు ముప్పు ఎక్కువ. ఊళ్లో ఒకరికి జరిగింది విని ఇంకొకరు భయపడేది ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే.

పదేళ్ల షుగర్ సన్నటి రక్తనాళాలను, నరాలను నెమ్మదిగా దెబ్బతీస్తుంది. బహుశా ఆపరేషన్‌కు ముందే తగ్గుతూ వచ్చి ఉంటుంది. తెల్లవారుజామున నిద్రలో స్తంభన వస్తోందా అని ఆయన్నే గమనించుకోమనండి. వస్తుంటే నాళాలు, నరాలు చాలావరకు బాగున్నట్టు, మనసులో భయమే అడ్డుపడుతోందన్న మాట. అస్సలు రాకపోతే షుగర్ మూడు నెలల సగటు, బీపీ, కొలెస్ట్రాల్, పొద్దున 8 నుంచి 10 మధ్య టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) చూడాలి. బీపీ మందుల్లో కొన్ని స్తంభనను తగ్గిస్తాయి కాబట్టి చీటీలన్నీ పట్టుకుపోండి.

గుండె డాక్టర్ చూసి నైట్రేట్ అవసరం లేదని మాన్పిస్తేనే మాత్రల మాట. అప్పుడు కూడా 65కు దగ్గరపడ్డ మనిషికి, ముఖ్యంగా ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్ ఇంకా వాడుతుంటే, సిల్డెనఫిల్ 25తో మొదలుపెడతారు. అది కలవడానికి గంట ముందు వేసుకోవాలి. నూనె ఎక్కువైన భోజనం మీద వేస్తే ఆలస్యంగా పనిచేస్తుంది. ఒకరోజు పనిచేయలేదని అదే రోజు రెండోది వేయకూడదు. మాత్ర కోరికను పుట్టించదు, చేరువైతేనే పనిచేస్తుంది. నాలుగు గంటలు దాటినా స్తంభన దిగకపోతే, చూపు ఒక్కసారిగా మసకబారితే ఆస్పత్రికి వెళ్లాలి. మాత్రలు పడనివారికి వాక్యూమ్ పంపు ఉంది. దాని రబ్బరు రింగును అరగంటలోపు తీసేయాలి.

ఆయన పక్కకు రాకపోవడం మీ మీద అయిష్టం కాకపోవచ్చు, ఓడిపోతానన్న భయం కావచ్చు. కొన్ని రోజులు కలయిక ఊసే లేకుండా ఒకే మంచం మీద పడుకోండి. డాక్టర్ దగ్గరికి మీరూ వెళ్లండి.

ప్రశ్న: ఆపరేషన్ కాలేదు, గోలీలతోనే ఉన్న. ఐనా వీర్యం రావట్లేదు.
– జడ్చర్ల

జవాబు: మీరు వాడేది సైలోడోసిన్ 8 మిల్లీగ్రాములైతే కారణం అదే. టామ్సులోసిన్‌తోనూ కొందరికి జరుగుతుంది. ఆపితే కొద్దిరోజుల్లో తిరిగి వస్తుంది. ఆల్ఫుజోసిన్‌తో ఈ ఇబ్బంది తక్కువ, మార్చమని అడగండి. గ్రంథిని కుదించే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ దారి వేరు. ఇవి కోరికను, స్తంభనను, వీర్యం పరిమాణాన్ని తగ్గించవచ్చు. డ్యూటాస్టెరైడ్ ఆపినా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. ఈ రెండిటిలో ఏది ఆరు నెలలు వాడినా పీఎస్ఏ (ప్రోస్టేట్ కేన్సర్ అనుమానం కోసం చూసే రక్తపరీక్ష) రిపోర్టు సగానికి పడుతుంది కాబట్టి, రక్తపరీక్ష చూసే డాక్టర్‌కు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ప్రశ్న: 47 ఏండ్లు, రెండో పెండ్లి. పిల్లలు కావాలె. ఆపరేషన్ తప్పదంటున్నరు.
– దేవరకొండ

జవాబు: ఆపరేషన్ తేదీ వేయించుకోకముందే ఈ మాట సర్జన్‌తో చెప్పండి. వీర్యాన్ని ముందే ఫెర్టిలిటీ సెంటర్‌లో గడ్డకట్టించి దాచుకోవచ్చు. గ్రంథి మరీ పెద్దది కాకపోతే యూరోలిఫ్ట్ (అడ్డుపడే కండను కుట్లలాంటి క్లిప్పులతో పక్కకు లాగి పెట్టడం), రెజూమ్ (నీటి ఆవిరితో కండను కుదించడం) ఉన్నాయి. వీటిలో స్ఖలనం చాలావరకు నిలుస్తుంది. ధార మాత్రం టీయూఆర్‌పీ అంతగా పెరగకపోవచ్చు, తర్వాత మళ్లీ ఏదో ఒకటి చేయాల్సిన అవకాశం ఎక్కువ. టీయూఆర్‌పీలోనే వీర్యనాళాలు తెరుచుకునే చోట సుమారు ఒక సెంటీమీటరు కండ వదిలేసే పద్ధతి కూడా ఉంది. అది అన్ని గ్రంథులకూ కుదరదు. ఆపరేషన్ ఇదివరకే అయినవాళ్లకు కూడా దారి ఉంది. ఒంటేలు నుంచి వీర్యకణాలను వేరుచేసి ఐవీఎఫ్‌కు వాడతారు. ఇంకో సంగతి, వీర్యం వెనక్కి పోతోంది కదా అని గర్భం రాదనుకోవద్దు. కొద్దిగా ముందుకు వచ్చినా చాలు.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగిన ఒళ్లు. నడుము వంగదు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినా ధార రావట్లేదు, స్తంభన కూడా పోయింది. ఫ్లోరైడ్ వల్లనే ప్రోస్టేట్ పెరిగిందా?
– మర్రిగూడ మండలం

జవాబు: ప్రోస్టేట్ పెరిగేది వయసు వల్ల, మగ హార్మోన్ల వల్ల. కానీ మీ ఉత్తరంలో ఫ్లోరైడ్‌కు వేరే చోటు ఉంది. ఎముకల ఫ్లోరోసిస్‌లో (ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లతో వచ్చే ఎముకల జబ్బులో) వెన్నుపూసల చుట్టూ ఎముక, బంధనాలు దళసరి కట్టి వెన్నుపామును, దాని నుంచి వచ్చే నరాలను నొక్కుతాయి. మూత్రాశయాన్ని బిగించే నరాలు, స్తంభన నరాలు బయలుదేరేది వెన్ను కింది భాగం నుంచే. దారిలో అడ్డు తీసినా, లోపలి నుంచి నెట్టే బలం లేకపోతే ధార రాదు. మీకు స్తంభన కూడా ఒకేసారి పోవడం వల్ల ఈ అనుమానం ఇంకా గట్టిగా ఉంది.

ఒంటికి పోయాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూపించుకోండి. ధార వేగం కొలిచే యూరోఫ్లో, మూత్రాశయం బలం చూసే యూరోడైనమిక్స్, వెన్నుకు ఎంఆర్ఐ అడగండి. ఆపరేషన్ చోట మచ్చ కట్టి దారి సన్నబడటం కూడా నెలల తర్వాత జరుగుతుంది. దాన్ని ఒక చిన్న గొట్టంతో లోపలికి చూసి తేలుస్తారు. న్యూరో, యూరాలజీ రెండూ ఒకేచోట ఉండే హైదరాబాద్ నిమ్స్ లాంటి ఆస్పత్రి మీకు నయం. పోయే ముందు ఆరోగ్యశ్రీ కార్డు, పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ డిశ్చార్జి చీటీ, తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు పెట్టుకోండి. కాళ్లు బిగుసుకుపోవడం, కూర్చునే చోట తిమ్మిరి, విరేచనం మీద పట్టు తప్పడం మొదలైతే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే బయలుదేరండి.