అమ్మ చేతివేళ్లు, ఆదివారం మాత్ర

ఫోన్లు, విమానాలు పక్కన పెడితే శాస్త్రపురోగతి మనిషి జీవితంలో శాశ్వతంగా మిగిల్చినది ఏమిటని ఎవరైనా అడగవచ్చు. నాకు తెలిసిన జవాబు మలక్‌పేటలోని మా ఇంట్లోనే ఉంది: మా అమ్మ చేతివేళ్లు.

మా అమ్మమ్మకు నలభై ఏళ్లు దాటకముందే కీళ్లవాతం పట్టుకుంది. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె వేళ్లన్నీ చిటికెనవేలి వైపు ఒరిగిపోయి, అన్నం కలుపుకోవడానికి కూడా వీల్లేకుండా వంకర తిరిగి ఉండేవి; పిన్ని కలిపి ముద్దలు పెట్టేది. నొప్పి మాత్రలు, కాపడం తప్ప ఆమెకు దక్కిన వైద్యమేమీ లేదు. 2009లో అమ్మకూ అదే జబ్బు వచ్చింది. పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు బిగుసుకుపోయి, చీర కుచ్చిళ్లు పెట్టుకోలేక మంచం మీద కూర్చుని ఏడ్చేది. తన తల్లి చేతులు చూస్తూ పెరిగిన మనిషి కనుక ఆ ఏడుపులో నొప్పి కన్నా భయమే ఎక్కువని మాకు తెలుసు.

డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చి, ఆదివారం ఒక్కరోజు మెథోట్రెక్సేట్, మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం రాశారు. ఈ రెండు మందుల వెనుకా 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉందని నేను ఆ తరువాతే చదివి తెలుసుకున్నాను. కణాలు పెరగడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1940లలో కృత్రిమంగా తయారుచేసింది. ఆపైన అచ్చం దానిలాగే ఉండి దాని పనిని అడ్డుకునే మందులనూ రూపొందించింది. వాటిలో ఒకదానిని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా వ్యాధి వెనక్కు తగ్గుతుందని 1948లో ప్రకటించారు. సుబ్బారావుగారు ఆ ఏడాదే కన్నుమూశారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ చిన్న మోతాదులో, శరీరం తన కీళ్లపై తానే చేసుకునే దాడిని తగ్గిస్తుందని వైద్యులు క్రమంగా నిర్ధారించుకోగా, 1988లో అమెరికాలో కీళ్లవాతానికి దానికి అధికారిక అనుమతి వచ్చింది.

ఈ మందుతో చాలా జాగ్రత్త అవసరం. ఒకసారి నాన్నగారు పొరబడి మూడు రోజులు వరసగా ఆదివారం మాత్రనే ఇవ్వడంతో, అమ్మకు నోరంతా పుళ్లు పడి ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. అప్పటినుంచి క్యాలెండరులో ఆదివారాల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుడుతున్నారు. డాక్టరుగారు చెప్పిన గడువు ప్రకారం కాలేయ, రక్తపరీక్షలు తప్పకుండా చేయిస్తున్నాము.

జబ్బు పూర్తిగా పోలేదు, చలికాలంలో మణికట్లు ఇంకా వాస్తాయి. అయినా అమ్మ తన అన్నం తానే కలుపుకుంటుంది, సంక్రాంతికి గేటు ముందు ముగ్గు వేస్తుంది. ఇది కొంతవరకు వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కనుక నేనూ పొద్దున లేవగానే పిడికిలి బిగించి చూసుకుంటాను. అయితే ఆనాడు అమ్మను పీడించిన భయం నాకు లేదు.