పుస్తకాలు తీసేసి ట్యాబ్ ఇస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా బాబు జూన్‌లో ఏడో తరగతికి వెళ్తాడు. ప్రైవేటు స్కూలు. ఈసారి పుస్తకాలు ఉండవు, పాఠాలన్నీ ట్యాబ్‌లోనే, ఆ ట్యాబ్ కూడా స్కూల్లోనే కొనాలని మెసేజ్ పెట్టారు. మావారు మంచిదే అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. నాది అనవసరపు భయమా? - ఒక తల్లి, ఒంగోలు

జవాబు: కాదమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. ఏడో తరగతి పిల్లాడు కూర్చుని చదువుకునే పాఠం కాగితం మీదే ఉండాలి, ట్యాబ్ దానికి తోడుగా ఉంటే ఉండొచ్చు.

2018లో కొందరు పరిశోధకులు అంతకుముందు వచ్చిన 54 అధ్యయనాలను, అంటే లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకుల ఫలితాలను, ఒకచోట చేర్చి చూశారు. కాగితం మీద చదివినవాళ్లకే బాగా అర్థమైందని తేలింది. కథలు చదివినప్పుడు తేడా లేదు గానీ, సమాచారం ఎక్కువున్న పాఠాల్లో ఉంది, టైమ్ లిమిట్ పెట్టి చదివిస్తే ఇంకా పెరిగింది. సైన్స్, సోషల్ అంటే సమాచారమే కదా, పరీక్ష ముందు రోజు చదువంతా గడియారం చూసుకుంటూ చదివేదే కదా. పైగా 2000 నుంచి 2017 దాకా ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా పెరుగుతూ వచ్చింది, అందుకే పిల్లలకు స్క్రీన్ అలవాటైతే అదే సర్దుకుంటుందనే మాట నేను నమ్మను.

చేసి చూసిన దేశాలు కూడా వెనక్కి తగ్గాయి. బడుల్లో స్క్రీన్లు బాగా వాడిన స్వీడన్‌లో నాలుగో తరగతి పిల్లల పఠన స్కోరు ఒక అంతర్జాతీయ పరీక్షలో 2016లో 555 ఉండేది, 2021కి 544 అయింది (మధ్యలో కరోనా కూడా వచ్చింది కాబట్టి తప్పంతా స్క్రీన్లదే అనలేం). 2023లో అక్కడి ప్రభుత్వం మళ్లీ అచ్చు పుస్తకాలు కొనడానికి డబ్బు కేటాయించింది. దక్షిణ కొరియాలో 2025 మార్చిలో ఏఐ డిజిటల్ పాఠ్యపుస్తకాలు మొదలుపెట్టారు, ఆగస్టుకల్లా వాటికి పాఠ్యపుస్తకం హోదా తీసేస్తూ పార్లమెంటులో చట్టం చేశారు.

మన దగ్గర 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది, అందులో బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలు పెట్టింది. అయినా అచ్చు పుస్తకాలు ఆపలేదు, అది మంచి పని. 2024లో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పిల్లల చదువు ఒక కంపెనీ నడవడం మీదో, ఏటా కట్టే లాగిన్ ఫీజు మీదో ఆధారపడితే ఎంత ప్రమాదమో చూడండి.

మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోతే పిల్ల పక్క పేజీలోకి చూసుకుని మళ్లీ ఇటు వస్తుంది, చిన్న ట్యాబ్‌లో రెండు పేజీలూ పక్కపక్కన పెడితే అక్షరం కనబడదు, ఒక్కటే పెడితే అటూ ఇటూ జరుపుకుంటూ ఉండాలి. తెలుగు మీడియం నుంచి మారిన పిల్లలకు ఆ ఎదురు పేజీ పెద్ద అండ.

మీరు ఒక్కరే కాకుండా మరో నలుగురు తల్లిదండ్రులను కలుపుకుని స్కూలుకు వెళ్లండి. ఏడాది చివర లాగిన్ ఆపేస్తే పాత పాఠం మళ్లీ చూసుకోవడం ఎలా, ట్యాబ్ పగిలితే ఎవరు బాగుచేయిస్తారు, పుస్తకం కొనుక్కుంటామంటే అభ్యంతరమేమిటి అని అడగండి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలైతే పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది, అచ్చు ప్రతి కూడా ఖరీదేమీ కాదు.

ప్రశ్న: పుస్తకాలు తీసేస్తే బ్యాగు బరువైనా తగ్గుతుంది కదండీ? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: బ్యాగు ఒకసారి విప్పి చూడండి. లాంగ్ నోట్‌బుక్‌లు, గైడ్లు, వర్క్‌బుక్‌లు, వాటర్ బాటిల్, లంచ్ బాక్స్, బరువంతా అక్కడే ఉంటుంది. బ్యాగు బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో వచ్చిన కేంద్ర విధానం చెప్తోంది. పుస్తకాన్ని సెమిస్టర్ల వారీగా విడగొట్టి, నోట్‌బుక్‌లు స్కూల్లోనే పెట్టించుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మా చెల్లి కూతురికి చూపు బాగా తక్కువ. తనకూ కాగితమే మేలంటారా? - వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: లేదండీ, ఆ పాపకు డిజిటల్ పుస్తకం తప్పకుండా ఇప్పించండి. అక్షరం పెద్దది చేసుకోవచ్చు, పాఠం వినొచ్చు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. స్కాన్ చేసిన పేజీల పీడీఎఫ్ ఇస్తే ఫోన్ దాన్ని ఒక బొమ్మలాగే చూస్తుంది, చదవలేదు. డీటీపీలో, అంటే అచ్చు కోసం కంప్యూటర్లో టైపు చేసేటప్పుడు, పాత అను ఫాంట్లతో చేసిన ఫైలైతే చదివినా అర్థంపర్థం లేని అక్షరాలు వినిపిస్తాయి. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా అక్షరాలను గుర్తుపట్టే పద్ధతిలో, ఉన్న ఫైలే కావాలని టీచర్‌ని అడగండి, తెచ్చుకున్నాక ఒక పేజీ వినిపించి చూసుకోండి.